నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? – పాత మినీవ్యానుకి కొత్త రేడియేటరు

మనలో చాలామందికి కారంటే తాళం తిప్పితే నడిచే పెట్టె. నడిచినన్నాళ్ళూ దాని లోపల ఏముందో పట్టించుకోం. ఎర్ర దీపం వెలిగితే దుకాణానికి తీసుకెళ్తాం, చెప్పినంత డబ్బు కడతాం, ఇంటికొచ్చి మళ్ళీ మన ప్రోగ్రాములు మనం రాసుకుంటాం. నేనూ అదే కోవకి చెందినవాణ్ణి. నిరుడు ఎండాకాలంలో మా 2006 టొయోటా సియెన్నా నాకు ఒక పాఠం చెప్పింది. పాత మినీవ్యాన్లు నడుపుతున్న మన వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ పాఠం ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టులో హీటరు

అమ్మా నాన్నగారూ గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఒక శనివారం మధ్యాహ్నం ఎడిసన్ నుంచి బ్రిడ్జ్‌వాటర్ గుడికి బయలుదేరాం. వ్యానులో పెద్దవాళ్ళు నలుగురు, పిల్లలు ఇద్దరు. 287 మీద ఏదో ప్రమాదం జరిగి కార్లన్నీ ఆగిపోయాయి. పది నిమిషాలు గడిచేసరికి, ఎప్పుడూ మధ్యలో కదలకుండా కూర్చునే వేడి ముల్లు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది.

ఎక్కడో చదివింది గుర్తొచ్చి ఏసీ ఆపేసి, హీటరు పూర్తిగా తిప్పాను. బయట 95 డిగ్రీల ఫారెన్‌హీటు, లోపల వేడిగాలి. "వీడికేమైందే, ఎండల్లో హీటరు వేశాడు!" అంది అమ్మ కోడలితో. ముల్లు కాస్త దిగింది. ఎలాగో తరవాతి ఎగ్జిట్ పట్టుకుని ఒక పెట్రోలు బంకు పక్కన ఆపాను.

నాన్నగారు గుంటూరు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దిగి, ముందు వాసన చూశారు. "ఎన్నాళ్ళ నుంచి వస్తోందిరా ఈ తియ్యటి వాసన?" అన్నారు.

"మూడు వారాలై ఉంటుంది నాన్నగారూ. కూలెంటు మట్టం తగ్గుతోందని కుళాయి నీళ్ళు పోస్తున్నాను."

"పోస్తున్నావు సరే, అవి ఎక్కడికి పోతున్నాయో చూశావా?"

చూడలేదు. సర్వరులో మెమరీ కారిపోతోందని తెలిసి కూడా, కారణం వెతక్కుండా రోజూ రాత్రి రీబూట్ చేసేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. నేను మూడు వారాలు చేసింది అదే. పైగా రెండు వారాల్లో అందరం ఇదే వ్యానులో పిట్స్‌బర్గు వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాలని నిర్ణయమైంది. మా ఇంటి నుంచి దాదాపు 350 మైళ్ళు, అందులో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద అల్లెఘెనీ కొండల ఎక్కుడు. ఆ కొండల్లో ఇలా జరిగి ఉంటే?

రేడియేటరు చేసే పని

ఇంజనులో మండే పెట్రోలు శక్తిలో చక్రాలకి చేరేది కొంతే. సుమారు మూడో వంతు పొగతోపాటు బయటికి పోతుంది. మరో మూడో వంతు వేడిగా కూలెంటులోకి దిగుతుంది. ఆ వేడిని గాలిలోకి వదిలేసేది రేడియేటరు. పంపు కూలెంటుని ఇంజను చుట్టూ తిప్పుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాటు మూసుకుని ఉంటుంది. సుమారు 82 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి కూలెంటుని రేడియేటరులోకి పంపుతుంది. అక్కడ సన్నని అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య రేకులు ఉంటాయి. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి, ఆగినప్పుడు ఫ్యాన్లు వాటిని చల్లారుస్తాయి.

ఇందులో చాలామంది పట్టించుకోని భాగం మూత. మామూలు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగం నీళ్ళు, సగం ఎథిలీన్ గ్లైకాల్ కలిపితే అది 107 దాకా వెళ్తుంది. ఆ మిశ్రమాన్ని 15 పి.ఎస్.ఐ. ఒత్తిడిలో ఉంచితే దాదాపు 129 దాకా మరగదు. ఆ ఒత్తిడిని పట్టి ఉంచేది మూత. ఎక్కడైనా చిన్న పగులు వచ్చి ఒత్తిడి నిలవకపోతే, కూలెంటు మట్టం బాగానే ఉన్నా అది ముందుగానే మరగడం మొదలవుతుంది. వేడి ఇంజను మీద మూత తియ్యకూడదనడానికి కారణం కూడా ఇదే. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, లోపలున్నదంతా ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఒళ్ళు కాలిపోతుంది.

ఇంకొక మాట. సగం కలిపితే మంచిదైతే మొత్తం గ్లైకాలే పోస్తే ఇంకా మంచిది కదా అనుకోకండి. సగం సగం మిశ్రమం −37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఒట్టి గ్లైకాలైతే −13 దగ్గరే గడ్డకడుతుంది. వేడిని మోసుకెళ్ళడంలో కూడా అది నీళ్ళకంటే తక్కువ.

లక్షణాలని బట్టి జబ్బు

నాన్నగారు ఇంటికొచ్చాక ఒక కాగితం తీసుకుని, ముల్లు ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు దిగుతుంది అని నన్ను ప్రశ్నలడిగారు. డాక్టరు రోగిని అడిగినట్టు. ఆ కాగితం సారాంశం ఇది.

ఆగి ఉన్నప్పుడు ముల్లు లేచి, హైవే మీద వేగం అందుకోగానే దిగిపోతే: ముందు ఫ్యాన్లని అనుమానించాలి. ఏసీ వేస్తే ఫ్యాన్లు తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి.

ఊళ్ళో బాగానే ఉండి, హైవే మీదా ఎక్కుడులోనూ లేస్తే: రేడియేటరు లోపల పూడుకుపోయి ఉండవచ్చు, లేదా బయట రేకుల మధ్య దుమ్ము, పురుగులు, ఆకులు పేరుకుని ఉండవచ్చు.

బయలుదేరిన కొద్ది నిమిషాలకే లేచి, ఇంజను దగ్గర విపరీతమైన వేడి ఉన్నా రేడియేటరు అవతలి గొట్టం చల్లగానే ఉంటే: థర్మోస్టాటు మూసుకుపోయి ఉండవచ్చు.

కూలెంటు తగ్గుతూ, ముందు సీటు కింద తివాచీ తడిసి, అద్దం లోపలి వైపు జిడ్డుగా పొగమంచు కమ్మితే: హీటరు కోరు కారుతోంది.

బయట ఎక్కడా తడి లేకుండా కూలెంటు తగ్గుతూ, వెనక తెల్లటి తియ్యటి పొగ వస్తూ, లేదా ఇంజను నూనె పాలు కలిసినట్టు కనిపిస్తే: హెడ్ గాస్కెట్టు. దీన్ని తేల్చడానికి ఒక రసాయన పరీక్ష ఉంది. రేడియేటరు నోటి దగ్గర గాలిని ఒక నీలిరంగు ద్రవం గుండా లాగుతారు. మండిన వాయువులు కూలెంటులోకి వస్తున్నట్టయితే ఆ నీలం పసుపుపచ్చగా మారుతుంది.

మినీవ్యాన్లకి ప్రత్యేకమైన జాగా ఒకటి ఉంది. వెనక సీట్ల వాళ్ళకి విడిగా హీటరు ఉన్న వ్యాన్లలో కూలెంటు గొట్టాలు బండి అడుగున వెనకదాకా వెళ్తాయి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఆ లోహపు గొట్టాలు తుప్పుపట్టి కారతాయి. ముందు భాగమంతా వెతికి ఏమీ దొరకలేదని విసుక్కునే ముందు అడుగున కూడా చూడాలి.

చివరగా, ఏసీ వాడాక కింద కారే నీళ్ళు చూసి బెంగపడకండి. దానికి రంగు, వాసన, జిడ్డు ఉండవు. కూలెంటుకి మూడూ ఉంటాయి.

మా వ్యానుది వీటిలో దేనికీ సరిగ్గా అతకలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పొద్దున్నే చూస్తే కింద ఒక్క చుక్క లేదు. అయినా కూలెంటు తగ్గుతోంది.

ముల్లుని నమ్మవద్దు

ఇక్కడ మన విద్య కొంచెం పనికొచ్చింది. చాలా కార్లలో ఆ ముల్లు అసలు ఉష్ణోగ్రతని ఉన్నదున్నట్టు చూపించదు. డ్రైవరు ఊరికే కంగారుపడకుండా, చాలా మేర మధ్యలోనే నిలబడేలా దాన్ని తయారుచేస్తారు. అంటే ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క. ఇంకా ఘోరం, కూలెంటు బాగా పడిపోతే సెన్సరు గాలిలో వేలాడుతుంది. అప్పుడు ఇంజను కాలిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు!

1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నిటిలో స్టీరింగు కింద ఓబీడీ-2 అనే సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే చిన్న బ్లూటూతు పరికరం ఇరవై, ముప్ఫై డాలర్లకి దొరుకుతుంది. దాని ద్వారా 01 05 అని పంపితే, ఇంజను కంప్యూటరు 41 05 అని మొదలుపెట్టి ఒక బైటు విలువ తిరిగి ఇస్తుంది. అందులోంచి 40 తీసేస్తే అదే కూలెంటు ఉష్ణోగ్రత, సెంటీగ్రేడులో. ఉదాహరణకి జవాబు హెక్సాలో 7బి అని వస్తే అది 123. అందులోంచి 40 పోతే 83 డిగ్రీలు. 40 ఎందుకు తీస్తారంటే, ఒక్క బైటులో −40 నుంచి 215 దాకా ఇమడ్చడానికి. మీకు ఇంత కష్టం అక్కర్లేదు, ఫోనులో ఏ యాప్ అయినా అంకె చూపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే కూలెంటు సరైన మట్టానికి నింపి, నేనూ నాన్నగారూ ఇంటి చుట్టుపక్కలే తిరిగాం, అంకె చూస్తూ. మామూలుగా నడుస్తుంటే 88, 90. ఆగి ఉంటే 96 దాకా వెళ్ళి, ఫ్యాన్లు తిరగగానే దిగింది. అంటే ఫ్యాన్లు, థర్మోస్టాటు తమ పని చేస్తున్నట్టే. పంపు కూడా తిప్పుతోంది. కానీ ఇంటికి వచ్చి ఇంజను ఆపకుండా బానెట్ ఎత్తితే మళ్ళీ తియ్యటి వాసన. కూలెంటు నిండా ఉంటే వ్యాను బాగానే ఉంది, అది పోతుండటమే జబ్బు. "ఇంక వెతకాల్సింది కన్నమే" అన్నారు నాన్నగారు.

ప్రెషరు పరీక్ష

అంతకుముందే, దారిలో ఆగిన రోజు సాయంత్రం, ఒక దుకాణానికి తీసుకెళ్ళి చూపించాను. వాళ్ళు బానెట్ ఎత్తి, ఇంజను పక్కన గులాబీరంగు మరకలు చూసి, నీళ్ళ పంపు పోయిందన్నారు. ఈ ఇంజనులో నీళ్ళ పంపుని తిప్పేది టైమింగ్ బెల్టు, కాబట్టి ఆ బెల్టు కూడా విప్పాలి. మొత్తం 1,350 డాలర్లు. వాళ్ళు మోసం చేశారని నేను అనను. మరకలు నిజమే. కానీ మరక ఎక్కడుందో చూశారు గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు.

విడిభాగాలు అమ్మే ఆటోజోన్ వంటి దుకాణాల్లో పనిముట్లు ఎరువిస్తారు. ముందు కొంత సొమ్ము కట్టాలి, పనిముట్టు తిరిగి ఇవ్వగానే ఆ సొమ్ము వాపసిస్తారు. అలా ఒక ప్రెషరు టెస్టరు తెచ్చాను. చూడటానికి సైకిలు పంపులా ఉంటుంది, పైన ఒక మీటరు. ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి, దాని స్థానంలో ఇది బిగించి, మూత మీద రాసి ఉన్న అంకె దాకా మాత్రమే పంపు కొట్టాలి. అంతకు మించితే ఉన్న కన్నానికి తోడు కొత్త కన్నం మనమే చేసినట్టవుతుంది. ముల్లు కదలకుండా పావుగంట నిలబడితే బయటికి కారడం లేదని అర్థం. అదే పనిముట్టుతో మూతని కూడా విడిగా పరీక్షించవచ్చు. మూత ఖరీదు పదిహేను డాలర్లు మాత్రమే, చాలాసార్లు దొంగ అదే.

మా మీటరు పది నిమిషాల్లో రెండు పి.ఎస్.ఐ. దిగింది. కాని ఎక్కడా చుక్క కనపడలేదు. నేను టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకుని నీళ్ళ పంపు చుట్టూ వెతుకుతున్నాను. నాన్నగారు మాత్రం తెల్లటి పేపరు నాప్కిను ఒకటి తీసుకుని, రేడియేటరు మీది నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం అద్దుతూ వచ్చారు. పై గొట్టం తగిలించే ప్లాస్టిక్కు మెడ దగ్గర కాగితం గులాబీరంగుకి తిరిగింది. వెంట్రుకంత బీట. చేత్తో తడిమితే తెలియదు.

అప్పుడు అన్నీ కలిసొచ్చాయి. వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే ఆ బీట తెరుచుకుంటుంది. బయటికొచ్చిన తుంపరని ఫ్యాను గాలి వెనక్కి, ఇంజను మీదికి తోస్తుంది. వేడి లోహం మీద నీరు ఆవిరైపోతుంది, రంగు మరక మిగులుతుంది. అందుకే తియ్యటి వాసన ఉంది గాని కింద తడి లేదు. అందుకే దుకాణం వాళ్ళకి మరక పంపు దగ్గర కనిపించింది.

అతుకా, కొత్తదా?

"మా రోజుల్లో అయితే మాటు వేసేవాళ్ళంరా" అన్నారు నాన్నగారు. ఆయన చూసిన బస్సుల రేడియేటర్లు రాగి, ఇత్తడి. వాటిని విప్పి, గొట్టాలు శుభ్రం చేసి, కన్నం పడ్డచోట సీసం, తగరం కరిగించి అతికేవారు. ఇప్పటి కార్లలో మధ్య భాగం అల్యూమినియం, రెండు చివర్లా ప్లాస్టిక్కు తొట్లు, ఆ రెంటికీ మధ్య రబ్బరు సీలు, చుట్టూ మడిచిన రేకు. ఏళ్ళ తరబడి కాగి చల్లారిన ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది. ఒక బీటకి జిగురు పూస్తే ఇంకొక చోట బీట తీస్తుంది. కన్నాలు పూడ్చే సీసా మందులు పోస్తే అవి హీటరు కోరులోని సన్నని దారులని కూడా పూడ్చవచ్చు. నిర్జన ప్రదేశంలో ఇరుక్కుంటే తప్ప వాటి జోలికి వెళ్ళకపోవడం మేలు.

మార్చడానికి ఇంకొక బలమైన కారణం ఉంది. ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి గేరుబాక్సు నూనెని చల్లబరిచే చిన్న గొట్టం రేడియేటరు తొట్టి లోపలే ఉంటుంది. అది లోపల పగిలితే కూలెంటు నూనెలో కలిసి, నూనె గులాబీరంగు పాలలా మారుతుంది. ఆ నీళ్ళకి గేరుబాక్సు లోపలి క్లచ్చి పలకల అంటు ఊడిపోతుంది. అప్పుడు పోయేది మూడు వందల డాలర్ల రేడియేటరు కాదు, మూడు వేలు దాటే గేరుబాక్సు.

కొనవలసినవి

నేను కొన్నవి ఇవి: రేడియేటరు 165 డాలర్లు, పై గొట్టం, కింది గొట్టం, క్లాంపులు కలిపి 45, థర్మోస్టాటు, దాని గాస్కెట్టు 30, మూత 15, కూలెంటు మూడు గాలన్లు 90. మొత్తం 345.

రేడియేటరు కొనేటప్పుడు బండి సంవత్సరం ఒక్కటే చెబితే చాలదు. ఇంజను సైజు, ట్రెయిలరు లాగే ప్యాకేజీ ఉందా లేదా అన్నది కూడా చెప్పాలి. కూలెంటు కొనేటప్పుడు రంగు చూసి కొనకండి. ఒకే రంగు వెనక వేరువేరు రసాయనాలుంటాయి. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన రకమే కొనండి. ముందే నీళ్ళు కలిపిన దానికి మళ్ళీ నీళ్ళు కలపకండి. చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటరే కలపండి. నేను పోసినట్టు కుళాయి నీళ్ళు పోస్తే అందులోని సున్నం లోపల పొరలు కడుతుంది.

మార్చే పద్ధతి

రాత్రంతా చల్లారిన బండితో పొద్దున్నే మొదలుపెట్టాం. కొత్తవాళ్ళకి అయిదారు గంటలు పడుతుంది. ముందు నుంచీ ప్రతి అడుగూ ఫోనుతో ఫొటో తీసుకోండి. మళ్ళీ బిగించేటప్పుడు దేవుడిలా ఆదుకుంటాయి.

1. సమంగా ఉన్న నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకి అడ్డు పెట్టండి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. ఫ్యాన్లు ఎలక్ట్రిక్‌వి, ఇంజను ఆపి ఉన్నా తిరిగే అవకాశం ఉంది. బండి కింద దూరాల్సి వస్తే జాకీని నమ్మి దూరకండి, దాని పక్కన స్టాండ్లు పెట్టాలి.

2. కింద వెడల్పాటి తొట్టి పెట్టి, రేడియేటరు అడుగునున్న మరని చేత్తో మెల్లగా తిప్పండి. అది ప్లాస్టిక్కు, పానాతో బలవంతం చేస్తే విరుగుతుంది. కాస్త కారాక మూత తీస్తే ధార పెరుగుతుంది. ఎంత కారిందో కొలిచి రాసుకోండి. మాకు ఆరున్నర లీటర్లు వచ్చింది.

3. దారికి అడ్డొచ్చే గాలి గొట్టాలు, ప్లాస్టిక్కు కవర్లు తియ్యండి. ఫ్యాన్ల ప్లగ్గులు ఊడదీయండి.

4. పై గొట్టం, కింది గొట్టం క్లాంపులు వెనక్కి జరపండి. గొట్టం అతుక్కుపోయి ఉంటే పట్టకారుతో మెల్లగా మెలితిప్పి వదులు చెయ్యండి. పాతదాన్ని ఎలాగూ పారేస్తాం కాబట్టి కత్తితో కోసేసినా పరవాలేదు. కాని ఇంజను వైపు మూతిని గీకవద్దు.

5. గేరుబాక్సు నూనె గొట్టాలు రెండుంటాయి. కింద వేరే చిన్న గిన్నె పెట్టి విప్పండి. విప్పగానే వాటి మూతులు శుభ్రమైన రబ్బరు బిరడాలతో మూసెయ్యండి. ఒక్క ఇసుక రేణువు కూడా లోపలికి పోకూడదు.

6. రేడియేటరు ముందు దాని లాగే ఉండే పలక ఏసీ కండెన్సరు. దాని గొట్టాలు విప్పవద్దు. లోపల వాయువు ఒత్తిడిలో ఉంటుంది, దాన్ని కావాలని గాలిలోకి వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం కూడా. రేడియేటరుకీ కండెన్సరుకీ మధ్య బిగింపులుంటే అవి మాత్రం విప్పి, కండెన్సరుని ఉన్నచోటే ఉండనివ్వండి.

7. పైన పట్టి ఉంచే బిళ్ళలు విప్పి, రేడియేటరుని నిటారుగా పైకి లాగండి. ఒకరు పైకి ఎత్తుతుంటే ఇంకొకరు కింద ఏదీ చిక్కుకోకుండా చూడాలి.

8. కొత్తదాన్ని వెంటనే దించకండి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పడుకోబెట్టి పోల్చండి. గొట్టాల మూతులు, అడుగు మేకులు, ఫ్యాన్లు బిగించే కన్నాలు, నూనె గొట్టాల మరలు అన్నీ ఒకే చోట ఉండాలి. తేడా ఉంటే తిరిగి ఇచ్చే సమయం అదే.

9. ఫ్యాన్లని, అడుగునుండే రబ్బరు దిమ్మలని పాతదాని నుంచి కొత్తదానికి మార్చండి. ఆ దిమ్మలు మర్చిపోతే రేడియేటరు బండి అదురుని నేరుగా తింటుంది. తరవాత విప్పిన వరసకి ఎదురు వరసలో బిగించుకుంటూ రండి. థర్మోస్టాటు కూడా ఇప్పుడే మార్చండి. ప్లాస్టిక్కులోకి వెళ్ళే మరలని చేతి బలం కొద్దీ బిగించకండి.

గాలి తియ్యడం

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వెనక హీటరు ఉన్న మినీవ్యానులో గొట్టాల పొడవు ఎక్కువ, గాలి ఇరుక్కునే చోట్లూ ఎక్కువే. లోపల గాలి బుడగ ఉంటే కొత్త రేడియేటరుతో కూడా ఇంజను వేడెక్కుతుంది.

కూలెంటుని మెల్లగా పొయ్యండి. మధ్యమధ్యలో పై గొట్టాన్ని చేత్తో పిసికితే బుడగలు పైకొస్తాయి. బ్యాటరీ తీగ తగిలించి, మూత తీసి ఉంచి, ముందు హీటరు, వెనక హీటరు రెండూ పూర్తి వేడికి తిప్పి ఇంజను నడపండి. థర్మోస్టాటు తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా పడుతుంది, అప్పుడు మళ్ళీ నింపాలి. బుడగలు ఆగి, ఫ్యాన్లు రెండుసార్లు తిరిగి ఆగి, రెండు హీటర్ల నుంచీ వేడిగాలి వస్తే పనైనట్టు. డాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ళ చప్పుడు వస్తే ఇంకా గాలి ఉన్నట్టు. కారినంత కూలెంటు తిరిగి పట్టిందా అన్నది కూడా ఒక పరీక్షే. గేరుబాక్సు నూనె మట్టం పుస్తకంలో చెప్పిన పద్ధతిలో చూసి, పోయినంత పొయ్యండి.

ఇంజనులో మిగిలి ఉన్న నా కుళాయి నీళ్ళ సంగతి నాన్నగారు మర్చిపోలేదు. సాంద్రత కొలిచే చిన్న పరికరం ఒకటి కొనిపించారు. −30 డిగ్రీల దాకా గడ్డకట్టదని అది చూపించాకే మూత బిగించనిచ్చారు. పల్చబడిన కూలెంటు జనవరిలో గడ్డకడితే ఇంజను దిమ్మే పగులుతుంది.

తీసిన పాత కూలెంటుని కాలవలోనో గడ్డిలోనో పొయ్యకండి. అది తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు నాకితే మూత్రపిండాలు పోయి ప్రాణం మీదికి వస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, మీ కౌంటీ వాళ్ళు ప్రమాదకరమైన చెత్త తీసుకునే రోజున ఇచ్చెయ్యండి. నేల మీద ఒలికినది నీళ్ళతో కడిగి తుడవండి.

దారిలో వేడెక్కితే

ఇంటి దగ్గర పని చెయ్యడం మీకు ఇష్టం లేకపోవచ్చు. ఫరవాలేదు, మెకానిక్కు దగ్గరకే వెళ్ళండి. కాని "ప్రెషరు పరీక్ష చేశారా? కన్నం ఎక్కడుందో నాకు చూపిస్తారా?" అని అడగండి. ఇంకా ఈ నాలుగు మాటలు మాత్రం ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పండి.

ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పండి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. రెండు నిమిషాల్లో దిగకపోతే రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి ఇంజను కట్టెయ్యండి. ఇంకో రెండు మైళ్ళే కదా అని నడిపితే అల్యూమినియం హెడ్ వంగుతుంది, ఖర్చు వేలల్లోకి పోతుంది. కనీసం గంట చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పొయ్యవద్దు, లోహం పగలవచ్చు.

వారం రోజులపాటు రోజూ పొద్దున్నే మట్టం చూశాను. మొదటి రెండు రోజులు కాస్త తగ్గింది, మిగిలిన గాలి బయటికి వచ్చి. తరవాత గీత దగ్గరే నిలిచిపోయింది. ఆ పై శనివారం పిట్స్‌బర్గు బయలుదేరాం. ఫోనుని డాష్‌బోర్డు మీద పెట్టాను. అల్లెఘెనీ సొరంగానికి ముందు ఎక్కుడులో, ఏసీ వేసి, ఏడుగురి సామానుతో, అంకె 94 దాటలేదు. ఏడోవాడు మా బావమరిది, దారిలో హారిస్‌బర్గులో ఎక్కాడు.

సొరంగం దాటాక నాన్నగారు వెనక సీట్లోంచి అడిగారు, "ఎంతుంది?"

"తొంభై ఒకటి నాన్నగారూ."

"సరే, ఇంక రోడ్డు చూసి నడుపు" అని కళ్ళు మూసుకున్నారు.